ఇఫ్ వాక్యాల్లో ఏ కాలం వాడాలి?

డిగ్రీ తరగతుల్లో ఇంగ్లీషు ఇఫ్ పాఠాన్ని, అంటే షరతు వాక్యాల పాఠాన్ని, నేను తెలుగు వాక్యంతోనే మొదలుపెడతాను. ఫస్ట్, సెకండ్, థర్డ్ అని ఈ వాక్యాల రకాల పట్టిక వల్లెవేసిన పిల్లలు ఖాళీలు పూరిస్తారు కానీ, మాట్లాడమంటే తడబడతారు. తెలుగులో వాక్యం చివరి క్రియను చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

"బస్సు దొరికితే వస్తాను." చివర "వస్తాను" ఉంది, అంటే జరిగే అవకాశమున్న పని. అప్పుడు ఇఫ్ భాగంలో వర్తమానం, రెండో భాగంలో విల్: "ఇఫ్ ఐ గెట్ ఎ బస్, ఐ విల్ కమ్." రేపటి సంగతే అయినా ఇఫ్ భాగంలో విల్ వద్దు. నేను దిద్దే జవాబు పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. "కాస్త ఆగుతారా" అన్నట్టు మర్యాదగా అడిగే "ఇఫ్ యూ విల్ వెయిట్" మాత్రం వేరు.

అసలు చిక్కు "డబ్బు ఉంటే కొనేదాన్ని" లాంటి వాక్యాలతో వస్తుంది. ఇప్పుడు లేదు కాబట్టి కొనడం లేదనా? పోయిన సంక్రాంతికి లేదు కాబట్టి కొనలేదనా? తెలుగులో రెండింటికీ ఒకే వాక్యం సరిపోతుంది, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు. ఇంగ్లీషులో మాత్రం తేల్చి చెప్పాల్సిందే. అందుకే రాసే ముందు మిమ్మల్ని మీరే అడగండి: లేనిది ఇప్పుడా, అప్పుడా?

ఇప్పుడైతే "ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్." ఈ హ్యాడ్‌ను చూసి జరిగిపోయిన సంగతి అనుకోవద్దు, అది నిజం కాని ఊహ అని మాత్రమే చెబుతోంది. అప్పుడైతే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి: "ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్." రెండు హ్యాడ్‌లు పక్కపక్కన ఉంటే అచ్చుతప్పనుకుని ఒకటి కొట్టేస్తారు. దయచేసి ఉంచండి. మొదటిది సహాయక క్రియ, రెండోది అసలు క్రియ.

ఇదే ప్రశ్నను రెండు భాగాలకూ విడివిడిగా వేయాలి. "నిన్న మందు వేసుకుని ఉంటే ఈపాటికి తగ్గి ఉండేది" అన్నప్పుడు షరతు నిన్నటిది, ఫలితం ఇప్పటిది. కనుక "ఇఫ్ ఐ హ్యాడ్ టేకెన్ ద మెడిసిన్ యెస్టర్‌డే, ఐ వుడ్ బి ఫైన్ నౌ." పట్టికలో ఈ కలయిక కనిపించదని భయపడక్కర్లేదు, ఇది నూటికి నూరుపాళ్లు సరైన ఇంగ్లీషు.

"నేను మీ స్థానంలో ఉంటే" అనడానికి "ఇఫ్ ఐ వర్ యూ" రాయండి. ఇక అన్‌లెస్ వాడితే దాని వెంట నాట్ చేర్చకండి, "కాకపోతే" అన్న అర్థం అందులోనే ఉంది.