ట్రైనింగ్ స్లైడ్లు మొదలుపెట్టే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

• అసలు ట్రైనింగ్ అవసరమా? పని తెలిసి కూడా చేయడం లేదంటే లోపం సాఫ్ట్‌వేర్‌లోనో, పనిభారంలోనో ఉండవచ్చు. దానికి క్లాసులు పెట్టి లాభం లేదు.

• 'చూసి నేర్చుకునేవాళ్లు', 'విని నేర్చుకునేవాళ్లు' అంటూ మనుషులను విడదీయకండి. మాట బాగానే ఉంటుంది గానీ, 2008లో మనస్తత్వవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం అప్పటి పరిశోధనలను పరిశీలించి, అలా విడదీసి బోధిస్తే మేలన్నదానికి తగిన ఆధారం లేదని తేల్చింది. పద్ధతిని పనిని బట్టి ఎంచుకోండి. మెషీన్ నడపడం చేయించే నేర్పాలి. నిబంధనలైతే ఉదాహరణలతో చర్చించాలి.

• పట్టించుకోవాల్సిన తేడా ఎవరికి ముందే ఎంత తెలుసన్నది. కొత్తవాళ్లకు అడుగడుగునా చేసి చూపాలి. అనుభవజ్ఞులకు అదే విసుగు, వాళ్లకు నేరుగా సమస్య ఇచ్చేయండి. ముందే నాలుగు ప్రశ్నలు పంపితే ఎవరెక్కడున్నారో తెలుస్తుంది.

• వీడియోలకు సబ్‌టైటిల్స్, చదవగలిగే సైజులో అక్షరాలు. క్లాసుల సమయం పెట్టేటప్పుడు నైట్ షిఫ్ట్ వాళ్లను మరవకండి.

• అంతా ఒక్క రోజులో కుక్కేయకండి. కొన్ని రోజుల ఎడంతో విడతలుగా పెట్టి, స్లైడ్లు చూడకుండా గుర్తుతెచ్చుకునే ప్రశ్నలు వేయండి. మార్కులు మాత్రం వద్దు, టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

• 'నచ్చిందా?' అనే ఫారం ఒక్కటే చాలదు. నెల తర్వాత పనిలో ఏం మారిందో ఎవరు చూస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి.