నీటిపై తేలే ఎరకు బాస్ చేప చిక్కనప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

టెక్సాస్‌లో ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారికి లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ జలాశయాలు దగ్గరలోనే ఉన్నాయి. తూర్పుగా మరికొంత దూరం వెళితే లార్జ్‌మౌత్ బాస్ చేపకు దేశమంతటా పేరుపడిన లేక్ ఫోర్క్ వస్తుంది. ఈ చేపను పట్టడానికి ఎన్నో పద్ధతులున్నా, నీటిపై తేలే ఎరను అది పైకి దూసుకువచ్చి అందుకోవడం ఒకసారి చూసినవారు మిగిలిన పద్ధతులను అంత తేలికగా ఇష్టపడరు. అయితే కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా నిరాశపరిచేదీ ఈ టాప్‌వాటర్ పద్ధతే. ఎర పని చేయనప్పుడు చాలామంది వెంటనే పెట్టె తెరిచి రంగు మారుస్తారు. అంతకంటే ముందు గమనించవలసింది చేప ఏ దశలో చేజారిందన్నది. అది అసలు లేవలేదా, వచ్చి చూసి వెనుదిరిగిందా, కొట్టి తప్పిందా, గాలానికి తగిలాక విడిపించుకుందా అన్న నాలుగు ప్రశ్నలకూ కారణాలు వేరు కనుక పరిష్కారాలూ వేరుగానే ఉంటాయి.

ఎంతసేపు వేసినా ఒక్క చేపా లేవడం లేదు

మొదట నీటి ఉష్ణోగ్రత చూడాలి. నీరు 60 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 16 డిగ్రీల సెల్సియస్, దాటేవరకు టాప్‌వాటర్ ఎర మీద ఎక్కువ ఆశ పెట్టుకోవడం తగదు. చల్లటి నీటిలో బాస్ శరీరం మందగిస్తుంది, పైదాకా వచ్చి వేటాడటానికి పెట్టే శ్రమ దానికి గిట్టుబాటు కాదు. ఆ దశలో పరిష్కారం మరో టాప్‌వాటర్ ఎర కాదు, నీటి లోపల నెమ్మదిగా కదిలే ఎర.

నీరు వెచ్చగానే ఉన్నా చేప లేవకపోతే వేళనూ చోటునూ అనుమానించాలి. వేసవిలో తెల్లవారుజాము, సాయంసంధ్య, మబ్బు పట్టిన రోజు ఈ పద్ధతికి అనుకూలమైనవి. ఎండ నిటారుగా పడే మధ్యాహ్నం వేయక తప్పకపోతే పడవల రేవుల నీడలోనో, ఒడ్డు మీది చెట్లు నీటిపైకి వంగిన చోటో, నాచు తెట్టు పక్కనో మాత్రమే వేయడం మేలు. బహిరంగమైన నీటిలో ఊరికే విసురుతూ పోవడం కంటే, ఒక మొద్దు పక్కనే అయిదారుసార్లు వేర్వేరు దిశల నుంచి వేయడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఋతువును బట్టి చోటు మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వసంతం చివర షాడ్ అనే చిన్న చేపలు తెల్లవారుజామున ఒడ్డు రాళ్ల వెంటా రేవు గట్ల వెంటా గుడ్లు పెడతాయి, బాస్ వాటి వెనకే చేరుతుంది. ఆ తరువాత బ్లూగిల్ చేపలు లోతు తక్కువైన చోట గూళ్లు కట్టినప్పుడు బాస్ దృష్టి అటు మళ్లుతుంది. శరదృతువులో షాడ్ గుంపులు వాగు పాయల్లోకి జరుగుతాయి. మేత ఏ ఒడ్డున ఉందో తెలియకుండా ఎరను ఎంచుకోవడం వ్యర్థం.

నీటి స్పష్టత కూడా ముఖ్యమే. మిజోరీలోని టేబుల్ రాక్ వంటి తేట నీటి జలాశయంలో బాస్ చాలా లోతు నుంచి కూడా ఎరను చూసి పైకి రాగలదు కనుక అక్కడ పెద్ద ఎరను లోతైన నీటిపై నడిపించినా ఫలితం ఉంటుంది. బురద నీటిలో అది తన చుట్టూ కొద్దిపాటి దూరమే చూడగలదు కనుక ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువైన చోట, చప్పుడు ఎక్కువ చేసే ఎరను నెమ్మదిగా లాగాలి.

చేప వస్తుంది, ఎర వెనక నీరు కలచి వెళ్లిపోతుంది

ఇది మంచి సూచన, ఎందుకంటే చేప ఉన్న చోటు తెలిసింది. చాలాసార్లు కారణం ఎరకూ నీటి పైభాగానికీ పొత్తు కుదరకపోవడమే. గాలి లేక నీరు అద్దంలా ఉన్నప్పుడు పెద్ద ఎర గట్టిగా చేసే చప్పుడు చేపను ఆకర్షించి, దగ్గరకు వచ్చాక అనుమానం కలిగిస్తుంది. అలాంటప్పుడు రెండున్నర అంగుళాల పాపర్ వంటి చిన్న ఎర పట్టుకోవాలి. పాపర్ ముఖం గుంటగా ఉండి, కుదిపినప్పుడు నీటిని ముందుకు ఉమ్ముతుంది. దానిని ఒకటి రెండుసార్లు మెల్లగా కుదిపి, నీటి వలయాలు పూర్తిగా చెదిరేదాకా కదపకుండా ఉంచాలి. ఆ నిశ్చలమైన క్షణంలోనే చేప ఎక్కువగా అందుకుంటుంది. ఓపిక లేనివారు పాపర్ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దీనికి భిన్నంగా గాలికి అలలు లేచినప్పుడు చిన్న పాపర్ చప్పుడు అలల్లో కలిసిపోతుంది. అప్పుడు అయిదు అంగుళాల సూపర్ స్పూక్ వంటి పొడవైన ఎర గానీ, తోక గిరగిరా తిరుగుతూ చప్పుడు చేసే వాపర్ ప్లాపర్ గానీ, రెక్క తిరిగే బజ్‌బెయిట్ గానీ తగినవి. వీటిలో వాపర్ ప్లాపర్ కొత్తవారికి అనువైనది, ఎందుకంటే దానిని వంకరలు తిప్పే నేర్పు అవసరం లేదు, నేరుగా రీల్ చుట్టితే చాలు.

చేప వెనుదిరిగిన చోట మరో ఎర సిద్ధంగా ఉండటం కూడా అవసరం. బరువు కట్టని మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఒకటి రెండో రాడ్‌కు ముందే కట్టి ఉంచుకుని, చేప నీరు కలచిన చోటికి వెంటనే విసిరి దానంతటది మునగనివ్వాలి. టాప్‌వాటర్ ఎరకు వచ్చి తిరిగిపోయిన చేప దీనికి తరచుగా చిక్కుతుంది.

రంగు ఇక్కడే పరిగణనలోకి వస్తుంది. చేప కింది నుంచి చూస్తుంది కనుక దానికి కనిపించేది ఎర పొట్ట, ఆకాశం నేపథ్యంలో దాని ఆకారం. వీపు మీద ఎంత అందమైన చిత్రణ ఉన్నా అది కొన్నవారికే కనిపిస్తుంది. షాడ్ తిరిగే నీటిలో తెలుపు లేదా ఎముక రంగు, బ్లూగిల్ గూళ్ల దగ్గర పసుపు పొట్ట, చీకట్లోనూ బాగా మబ్బు కమ్మినప్పుడూ నలుపు ఉంటే చాలావరకు సరిపోతుంది.

నీరు మరుగుతున్నట్లు చేపలు లేస్తున్నా ఎరను పట్టించుకోవడం లేదు

ఇది పరిమాణం సమస్య. శరదృతువులో గుంపుగా వేటాడే చేపలు వేలెడంత షాడ్ పిల్లల మీద పడినప్పుడు అయిదు అంగుళాల ఎరను లెక్కచేయవు. మూడున్నర అంగుళాల సూపర్ స్పూక్ జూనియర్ గానీ అంతకంటే చిన్నది గానీ కట్టి, గుంపు మధ్యకు కాక దాని అంచు దాటి అవతల వేసి లాగాలి. లేచినవి బాస్‌లేనా అన్నది కూడా చూసుకోవాలి. టెక్సాస్ జలాశయాల్లో వేసవిలో ఇలా లేచేవి చాలాసార్లు స్థానికులు శాండ్ బాస్ అని పిలిచే వైట్ బాస్ చేపలు.

ఎర ఎడమకూ కుడికీ నడవదు, నేరుగా జారుకుంటూ వస్తుంది

స్పూక్ వంటి ఎర అందం అంతా అది తల అటూ ఇటూ తిప్పుతూ నడవడంలోనే ఉంది. అది నడవకపోతే తప్పు ఎరది అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు లైన్‌లో ఉంటుంది. ఫ్లోరోకార్బన్ లైన్ సాంద్రత నీటికి సుమారు 1.8 రెట్లు కనుక అది మునిగి ఎర మూతిని కిందికి లాగుతుంది, పాపర్‌ను కూడా ఉమ్మనివ్వదు. నైలాన్ మోనోఫిలమెంట్ సాంద్రత నీటి కంటే కొద్దిగానే ఎక్కువ, అల్లిన పాలీఎథిలీన్ లైన్ నీటి కంటే తేలిక. కాబట్టి టాప్‌వాటర్ ఎరలకు ఫ్లోరోకార్బన్ వాడకుండా, 15 నుంచి 20 పౌండ్ల బరువు తట్టుకునే మోనో గానీ, 30 నుంచి 40 పౌండ్ల అల్లిన లైన్ గానీ కట్టాలి. అల్లిన లైన్ మెత్తగా ఉండి ముందువైపు గాలానికి చుట్టుకుంటుంది. దానిని నివారించడానికి చివర జానెడు నుంచి మూరెడు మోనో ముక్క జోడించడం మంచి పద్ధతి.

ముడి బిగిసి ఎర మూతిని పట్టేసినా అది తిరగదు. ఎర కొనకు చీలిక ఉంగరం (స్ప్లిట్ రింగ్) ఉంటే ముడి దానికే వేయాలి, లేకపోతే మూతి స్వేచ్ఛగా కదిలేలా వదులు ఉచ్చు ముడి వేయాలి. ఇక చేతి పని విషయానికి వస్తే, రాడ్ కొనను నీటివైపు దించి, మణికట్టుతో చిన్నగా కుదిపి, ప్రతి కుదుపు తరువాత లైన్ వదులయ్యేలా కొనను వెంటనే ముందుకు ఇవ్వాలి. ఎర తిరిగేది లాగినప్పుడు కాదు, లైన్ వదులైనప్పుడు. లైన్ ఎప్పుడూ బిగుతుగా ఉంచేవారి ఎర ఎన్నటికీ నడవదు.

నాచులో ప్రతి విసురుకూ చెత్త చిక్కుతోంది

మూడు కొక్కేల గాలాలున్న ఏ ఎరనూ తామరాకుల మీదా హైడ్రిల్లా అనే నీటి మొక్కల తెట్టు మీదా వేయకూడదు. అక్కడ బోలు శరీరం గల రబ్బరు కప్ప తప్ప మరొకటి పనికిరాదు, దాని జంట గాలం మొనలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కనుక ఆకులకు తగలవు. మన చెరువుల్లో కప్పను ఎరగా కట్టి కొర్రమీనును పట్టినవారికి ఈ వేట తీరు కొత్తగా అనిపించదు.

కప్ప ఎరకు ఉండే లోపాలు రెండు. కొంతసేపటికి లోపలికి నీరు చేరి తోక కిందికి వాలుతుంది, అప్పుడు దానిని నొక్కి నీరు పిండేయాలి. రెండోది, కాళ్ల పోగులు మరీ పొడవుగా ఉంటే చేప వాటినే పట్టుకుని వదిలేస్తుంది, కనుక వాటిని కత్తెరతో కొంత కత్తిరించాలి. కప్పకు 50 నుంచి 65 పౌండ్ల అల్లిన లైన్, ఏడడుగులకు పైబడిన బలమైన రాడ్ అవసరం, ఎందుకంటే చేపతో పాటు నాచు ముద్దను కూడా లాగవలసి వస్తుంది. అంత దట్టం కాని పలుచని గడ్డిపై అయితే ఒక్క గాలమే ఉండే బజ్‌బెయిట్ చక్కగా సాగిపోతుంది.

చేప కొడుతుంది, కానీ గాలం పడటం లేదు

ఎక్కువమంది చేపలను పోగొట్టుకునేది ఇక్కడే. కంటికి కనిపించిన నీటి పేలుడుకు చెయ్యి తనంతట తాను స్పందించి రాడ్‌ను లాగుతుంది, అప్పటికి ఎర చేప నోట్లోకి పూర్తిగా చేరి ఉండదు. కళ్లు చూసినప్పుడు కాదు, చేతికి బరువు తెలిసినప్పుడు మాత్రమే లాగాలి. చేప తప్పిపోతే ఎరను ఆపేయకుండా, దూరంగా లాగేయకుండా, అదే లయలో నడిపిస్తూ ఉండాలి, అదే చేప రెండోసారి, మూడోసారి కూడా కొట్టవచ్చు. తొందరపడి లాగినప్పుడు గాలాలతో సహా ఎర ముఖం మీదికి ఎగిరి వస్తుంది, కనుక కళ్లద్దాలు లేకుండా ఈ వేటకు దిగకూడదు.

కప్ప ఎరకు మరికొంత సమయం ఇవ్వాలి. కొట్టిన తరువాత ఒకటి, రెండు అని మనసులో అనుకుని, రాడ్ కొన దించి వదులు చుట్టుకుని, ఆపై శక్తికొద్దీ లాగాలి. మూడు కొక్కేల ఎరలకు అంత బలం వద్దు, రాడ్‌ను పక్కకు ఊడ్చినట్లు లాగితే సరిపోతుంది.

కాలానుగుణంగా వచ్చే కారణాలు కూడా ఉన్నాయి. గూడు కాపాడుకునే చేప ఎరను తినడానికి కాక తరమడానికి కొడుతుంది, అది గాలానికి చిక్కే అవకాశం తక్కువ. మామూలు రోజుల్లో కూడా చేప తోకవైపు నుంచి తప్పుతుంటే వెనక గాలాన్ని ఈకలు కట్టిన దానితో మార్చాలి, దాంతో చేప గురి అక్కడికే చేరుతుంది. బజ్‌బెయిట్‌కు అదనపు గాలం ఒకటి వెనక తగిలించడం ఈ ఇబ్బందికి పాత మందు.

తగిలిన చేప గాల్లోకి ఎగిరి విడిపించుకుంటోంది

మూడు కొక్కేల ఎరకు మరీ గట్టి రాడ్ వాడితే చేప తల విదిల్చినప్పుడు గాలం పట్టిన కండ చీలుతుంది. మధ్యస్థ బలం ఉండి కొన కొంత వంగే ఏడడుగుల రాడ్ ఆ విదిలింపును మింగుకుంటుంది. అల్లిన లైన్‌కు సాగే గుణం లేదు కనుక దానిని వాడేవారికి మెత్తని రాడ్ మరింత అవసరం, రీల్ డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్‌ను నిలువరించే బిగువు, కూడా కొద్దిగా వదులు చేసుకోవాలి. గాలం మొనను గోటి మీద పెట్టి లాగినప్పుడు జారిపోతే అది మొద్దుబారిందని అర్థం, సాన పెట్టడం కంటే మార్చేయడమే సులువు. కొన్ని చవక ఎరలకు వచ్చే గాలాలు సన్నగా ఉండి పెద్ద చేపకు నిటారుగా సాగిపోతాయి. వాటి స్థానంలో అదే కొలత బలమైనవి వేయాలి, బరువు మరీ పెరిగితే ఎర తేలే తీరు మారుతుంది కనుక ముందుగా ఒడ్డు దగ్గర తేల్చి చూసుకోవాలి. చేప పైకి లేస్తున్నట్లు తోచగానే రాడ్ కొనను నీటి దగ్గరికి దించి లైన్ బిగువు వదలకుండా చుట్టడం వల్ల దాని ఎగురుడు కొంత తగ్గుతుంది.

చేతికి వచ్చిన చేప నోటి నుంచి మూడు కొక్కేల గాలాన్ని వేళ్లతో తీయబోకూడదు, పొడవు మూతి పట్టకారు దగ్గర ఉంచుకోవాలి. వేసవి నీటిలో ప్రాణవాయువు తక్కువ కనుక తూకం, ఫోటో త్వరగా ముగించి వదలాలి. ఇంటికి తీసుకువెళ్లదలచినవారు ముందుగా కొలవాలి. టెక్సాస్‌లో చాలా జలాశయాల్లో లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాల కంటే పొట్టిగా ఉంటే ఉంచుకోకూడదు, రోజుకు అయిదు మించకూడదు. లేక్ ఫోర్క్‌లో నియమం వేరు. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న చేపను తిరిగి నీటిలో వదిలేయాలి.