ఎమ్‌ఎమ్ 540 జీపుకు డీఐ ఇంజన్, గేరుబాక్సు ఎక్కించేటప్పుడు

బేతంచెర్ల నాపరాళ్ల గనుల దారుల్లోనూ తాడిపత్రి చుట్టుపక్కలా తిరిగే పాత ఎమ్‌ఎమ్ 540 జీపుల అసలు ఇంజన్ 2112 సీసీ ఎక్స్‌డీపీ 4.90, ప్యూజో డిజైను. దాని స్పేర్లు దొరకనప్పుడు మహీంద్రా వారిదే 2523 సీసీ డీఐ (డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్ మంచి ఎంపిక. తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే బాగా లాగుతుంది. కానీ ఈ పని ఎక్కువగా చెడేది ఇంజన్‌లో కాదు, ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య.

ముందు కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు మారే పనికి ఆర్టీఓ అనుమతి కావాలి. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అందుకే రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే ఇంజన్ కొనండి. అమ్మేవాళ్ల నుంచి బిల్లు, ఆ ఇంజన్ నంబరున్న పాత ఆర్‌సీ నకలు తీసుకోండి.

కొనేటప్పుడు ఫ్లైవీల్, క్లచ్ సెట్, బెల్ హౌసింగ్ (ఇంజన్‌ను గేరుబాక్సుతో కలిపే గుల్ల), గేరుబాక్సు, స్టార్టర్, ఫౌండేషన్ బ్రాకెట్లు (ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచేవి) అన్నీ ఒకే బండివి తీసుకోండి. తలా ఒక చోట ఏరితే చౌకగానే కనిపిస్తుంది, కానీ స్టార్టర్ పళ్లు కలవవు, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (మధ్య రంధ్రంలోని గాళ్లు) గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టుకు సరిపోవు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుసమంటూ వస్తుంటే పిస్టన్ రింగులు అయిపోయినట్టే.

అసలు పని బెల్ హౌసింగ్ దగ్గర. డయల్ గేజ్‌ను (సన్నని తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) ఫ్లైవీల్‌కు బిగించి, దాని మొనను గేరుబాక్సు కూర్చునే రంధ్రం లోపలి అంచుకు ఆనించి, క్రాంక్‌ను పానాతో ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.25 మి.మీ. దాటకూడదు. అందులో సగమే అసలు తేడా. దాటితే లేత్ షాపులో ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (హౌసింగ్‌ను కాస్త పక్కకు జరిపి నిలిపేవి) చేయించి సరిచేయాలి. దీన్ని వదిలేస్తే పైలెట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్టు కొసను క్రాంక్ దగ్గర పట్టుకునేది) అరిగిపోతుంది, గేరుబాక్సు ముందు బేరింగ్ అరుస్తుంది, టాప్ గేరు జారిపోతుంది. జనం గేరుబాక్సును తిడతారు గానీ తప్పు దానిది కాదు.

క్లచ్ ప్లేటులో ఉబ్బెత్తు వైపు గేరుబాక్సుకు రావాలి. పైలెట్ బేరింగ్ కొత్తది వేయండి. గేరుబాక్సు చివరి అరంగుళం దగ్గర ఆగితే బోల్టులు బిగించి లోపలికి లాగొద్దు. ప్లేటు హబ్ వంగుతుంది, లేదా హౌసింగ్ చెవి విరుగుతుంది. కిందికి దించి, ప్లేటు మళ్లీ మధ్యలో పెట్టి ఎక్కించండి.

ఫౌండేషన్ బ్రాకెట్లను మొదట టాక్ వెల్డింగే (అక్కడక్కడా చుక్కలుగా) చేయండి. జాకీతో ముందు ఆక్సిల్‌ను బంప్ రబ్బరు తాకేదాకా లేపి, సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) తగలకుండా ఉందో చూశాకే పూర్తి వెల్డింగ్. ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ 25 మి.మీ. ఖాళీ ఉండాలి, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) తప్పనిసరి. 40 డిగ్రీలు దాటే అనంతపురం మే నెల ఎండకు పాత రేడియేటర్ సరిపోదు. డీఐ రేడియేటరే వేయండి.

గేరుబాక్సు పొడవు మారితే ముందూ వెనకా ఆక్సిళ్లకు శక్తి తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ మార్చాలి. కొలత జీపు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే తీయాలి. స్లిప్ జాయింట్ (షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు భాగం) ఇంకా 25 మి.మీ. లోపలికి వెళ్లేలా ఉంచండి. షాఫ్టు రెండు కొసల క్రాసుల (యూనివర్సల్ జాయింట్ల) కోణాలు ఒకటే ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపే. యోకులు (క్రాసులను పట్టుకునే చెవులు) ఒకే వరుసలో లేకపోతే వేగం గంటకు 40 కి.మీ. దాటగానే బండి నేల అదురుతుంది.

ఆక్సిల్ నిష్పత్తి కూడా చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ కేసును (ముందు, వెనక ఆక్సిళ్లకు శక్తి పంచేది) న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలు రెండూ లేపి ఒక్కో చుట్టు తిప్పితే షాఫ్టు ఎన్నిసార్లు తిరుగుతుందో అదే నిష్పత్తి. 2.2 మీటర్ల చుట్టుకొలత టైరుతో, నేరు (1:1) టాప్ గేరులో, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 4.88 అయితే గంటకు 68 కి.మీ., 3.73 అయితే 88 కి.మీ. గనుల దారులకు 4.88 మేలు, హైవేకి 3.73.

అన్నీ బిగించాక కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి చూడండి. అక్కడ టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉంటే చాలు. క్లచ్ తొక్కినా గేరు కరుస్తుంటే ముందు పెడల్ ఖాళీ చూడండి, 20 నుంచి 25 మి.మీ. ఉండాలి, తర్వాత పైలెట్ బేరింగ్ పట్టేసిందేమో. 500 కి.మీ. తిరిగాక ఫౌండేషన్ బోల్టులు, క్రాసుల బోల్టులు మళ్లీ బిగించి, క్రాసులకు గ్రీజు కొట్టండి.