మూత్రం డబ్బా ఘాటు ఎట్ల తగ్గిందంటే

నర్సంపేట దగ్గర మా ఇంట్ల మూత్రాన్ని వేరుగా పట్టి మక్క చేనుకు వాడుతున్నం. పోయిన ఎండాకాలం డబ్బా మూత తీస్తే ముక్కు మండిపోయింది, అవ్వ అటు దిక్కే పోలేదు. ఘాటు వచ్చిందంటే నత్రజని గాలిలో కలుస్తున్నట్టే. సూక్ష్మజీవుల్లోని యూరియేజ్ అనే ఎంజైము మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తది, నత్రజని ఉన్న ఆ ఘాటు వాయువు ఇదే.

డబ్బా కడిగి చూసిన, రెండు రోజులకే మళ్లీ అదే. తర్వాత ఖాళీ డబ్బాలోనే చల్లార్చిన సున్నం పొడి వేసిన, లీటరుకు 10 గ్రాముల లెక్కన. మూత్రం పోసినప్పుడల్లా కట్టెతో కలుపుతం, చేతులకు తొడుగులు తప్పవు. పీహెచ్ (క్షార గుణం ఎంతుందో చెప్పే కొలత) 12 దాటితే ఆ ఎంజైము పనిచేయదు. సున్నం ముందే వేయాలె. ఘాటు పుట్టినంక వేస్తే ఉన్న అమ్మోనియా ఒక్కసారే బయటికొస్తది. ఆ తప్పు నేను చేసిన, కండ్లు మండినయి.

నీళ్లు ఆవిరై మూత్రం చిక్కబడేందుకు వెడల్పు ప్లాస్టిక్ తొట్లలో పోసి నీడకు, గాలి తగిలేకాడ పెడుతున్న. ఎండ వద్దు, బాగా వేడెక్కితే ఎంజైము లేకున్నా యూరియా విరుగుతది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నం బలాన్ని తగ్గిస్తది, అందుకే పీహెచ్ కాగితంతో చూసుకుంట ఇంకొంచెం కలుపుత. అడుగున దిగే తెల్ల మడ్డిలో భాస్వరం ఉంటది, దాన్ని పారబోయొద్దు.

మొన్న అవ్వే మూత తీసి కలిపింది.