డిప్లొమా నుంచి బీటెక్ రెండో ఏడాదికి: ఈసెట్‌లో ఎక్కడెక్కడ జారిపడతారు

ఈసెట్ అంటే డిప్లొమా చదివినవాళ్లను బీటెక్‌లో చేర్చుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టే ప్రవేశ పరీక్ష. దీంతో చేరితే పాలిటెక్నిక్‌లో చదివిన మూడేళ్లు బీటెక్‌లో ఒక ఏడాది కింద జమ అవుతాయి. ఏ సబ్జెక్టు దేనికి సరిపోతుందని ఒక్కొక్కటీ పోల్చరు, మొదటి ఏడాది మొత్తం వదిలేసి నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెడతారు. కాకినాడ జేఎన్‌టీయూ 2023లో తెచ్చిన ఆర్23 నిబంధనల ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు (సబ్జెక్టులు పాసైతే జమయ్యే పాయింట్లు) కావాలి. ఈసెట్‌లో వచ్చినవాళ్లకు 120 చాలు, పూర్తి చేయడానికి గడువు ఆరేళ్లు. అటానమస్ కాలేజీలో (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునేది) చేరేవాళ్లు ఆ కాలేజీ నిబంధనలు విడిగా చూసుకోవాలి.

పరీక్ష కంప్యూటర్ మీద, 3 గంటలు, 200 ప్రశ్నలు: మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి 100. అర్హతకు 50 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు లేదు. డిప్లొమాలో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40. ఒక్కో ప్రశ్నకు 54 సెకన్లే దొరుకుతాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి.

పరీక్ష సాధారణంగా వేసవిలో వస్తుంది. ఆరో సెమిస్టర్ ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కూడా ఆ రోజుల్లోనే. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని రొయ్యల ప్లాంటుకో సబ్‌స్టేషన్‌కో వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడికి ఇంటిగ్రేషన్ చేసే ఓపిక ఎక్కడిది? అందుకే మ్యాథ్స్ ఐదో సెమిస్టర్‌లోనే ముగించాలి. మొదటి ఏడాది తర్వాత ముట్టని కెమిస్ట్రీని ఆఖరి నెలకు పెట్టుకున్నా నష్టం లేదు.

ర్యాంకు వచ్చాక అసలు తంటా కాగితాలది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. డిప్లొమా మెమోలో ఇంకో స్పెల్లింగు. ఇలాంటివి సీట్లు కేటాయించే కౌన్సెలింగ్‌కు నెలల ముందే సరిచేయించాలి, ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపెట్టడం అన్నిటికంటే తేలిక. ఏడో తరగతి నుంచి డిప్లొమా దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ పత్రాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. పాలిటెక్నిక్‌లో ఫీజు బాకీ ఉంటే టీసీ అక్కడే ఆగిపోతుంది. ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) మిగిలినా డిప్లొమా పాసైనట్టు కాదు, ర్యాంకు ఉన్నా సీటు దక్కదు.

నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టించినప్పుడు ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, సెంటర్ వాడిది కాదు. కావలసిన కాలేజీల ఆప్షన్లు ఆన్‌లైన్‌లో పెట్టేనాటికి ఓటీపీ అతనికి వెళ్లిందంటే రాత్రి పదింటికి వాళ్లింటి తలుపు తట్టాల్సి వస్తుంది.

వెబ్ ఆప్షన్లలో వరసే ప్రాణం. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటు ఇచ్చేస్తుంది. ‘ఎలాగూ వస్తుందిలే’ అని ఇంటి దగ్గరి కాలేజీ పైన పెడితే అదే వస్తుంది, కిందున్న మంచి కాలేజీని ముట్టుకోదు. కౌన్సెలింగ్ రెండో విడతలో వేరే సీటు వస్తే మొదటిది దానంతటదే పోతుంది. కాబట్టి రెండో విడతలో, చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో వచ్చే కన్వీనర్ సీట్లకే వర్తిస్తుంది, కాలేజీ నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటు మాట వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక చాలామంది పట్టించుకోనిది: వదిలేసిన ఆ మొదటి ఏడాదిలో రెండు మ్యాథ్స్ పేపర్లున్నాయి. లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్ ఒకటి, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్ ఇంకొకటి. రెండో ఏడాది లెక్చరర్ అవి వచ్చనే అనుకుని పాఠం మొదలుపెడతారు. డిప్లొమాలో డిఫరెన్షియేషన్ బాగా చేసినవాడు కూడా ఐగెన్ విలువలు, పార్షియల్ డెరివేటివ్‌లు, డబుల్ ఇంటిగ్రల్స్ దగ్గర తడబడి మూడో సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్ తెచ్చుకుంటాడు. పరీక్షకూ క్లాసులకూ మధ్య దొరికే ఖాళీలో ఈ మూడూ రోజుకు రెండు గంటలు చేయండి. కంప్యూటర్స్‌లో చేరేవాళ్లు సీ లాంగ్వేజ్‌లో పాయింటర్లు, లింక్డ్ లిస్టులు కూడా కలుపుకోవాలి. పుస్తకాలు కొనక్కర్లేదు, మొదటి ఏడాది అయిపోయిన సీనియర్ల నోట్సు సరిపోతుంది.