రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో మోడ్ డ్రైవర్ వేసే ముందు జాగ్రత్తలు

పాత ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఈ అవసరం ఇప్పుడు ఎక్కువగా వస్తోంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి చాలామంది ఎలాగోలా విండోస్ 11 ఎక్కిస్తున్నారు, తీరా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌కి వెళ్లి చూస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ విండోస్ 7, 8 రోజుల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చిప్ కంపెనీ డ్రైవర్ దించి వేయబోతే మీ హార్డ్‌వేర్‌కి ఇది సరిపోదంటుంది. అప్పుడు వెతుకులాట మొదలై, ఎవరో మార్చి పెట్టిన డ్రైవర్ (మోడ్ డ్రైవర్ అనేది దీన్నే) దొరుకుతుంది, లేదా డ్రైవర్‌తో వచ్చే ఐఎన్ఎఫ్ అనే ఫైల్‌లో ఒక లైన్ చేర్చితే చాలని ఒక వీడియో కనబడుతుంది.

మోడ్ డ్రైవర్ వేయొద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. కొన్ని ల్యాప్‌టాప్‌లకి అదొక్కటే దారి. కానీ ఒకటే గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో చేసినట్టు ఇక్కడ చేస్తే కుదరదు, వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టాలి.

ముందు మీ ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ ఏ చిప్ చేతిలో ఉందో తెలుసుకోండి. 2010లో రెండు చిప్‌లనీ కలిపి వాడే ఎన్‌విడియా ఆప్టిమస్ పద్ధతి వచ్చినప్పటి నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్‌కి తీగ వెళ్లేది ఇంటెల్ చిప్ నుంచే, లేదా ఏఎండీ ప్రాసెసర్‌లో కలిసి ఉన్న చిప్ నుంచే. పెద్ద చిప్, అంటే విడిగా ఉన్న ఎన్‌విడియా లేదా ఏఎండీ చిప్, గేమ్ బొమ్మని గీస్తుంది, గీసిన ఫ్రేమ్‌ని ప్రాసెసర్‌లోనే ఉన్న చిన్న చిప్ మెమరీలోకి కాపీ చేస్తుంది, స్క్రీన్ మీదికి పంపేది మాత్రం చిన్న చిప్పే. ఇంట్లో ఎన్ని గదులున్నా బయటికి గుమ్మం ఒక్కటే ఉన్నట్టు. అందుకే "ఇంటెల్ నాకెందుకు, ఎన్‌విడియా ఒక్కటే చాలు" అని డివైస్ మేనేజర్‌లో ఇంటెల్‌ని డిసేబుల్ చేస్తే స్పీడ్ పెరగదు, విండోస్‌లోని సాదా డ్రైవర్ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ మీదికి పడిపోయి ఎన్‌విడియా కూడా పనికిరాకుండా పోతుంది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ అంటే ఒకటి కాదు, ఒకదానితో ఒకటి పొసగాల్సిన జంట. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని పదేళ్ల నాటిదే ఉంచితే నల్ల స్క్రీన్ వచ్చే అవకాశం ఎక్కువ.

కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మక్స్ స్విచ్ ఉంటుంది, స్క్రీన్‌ని నేరుగా పెద్ద చిప్‌కి కలపొచ్చు. అది ఉంటే పని మొదలుపెట్టే ముందు రెండు చిప్‌లూ పనిచేసే హైబ్రిడ్ మోడ్‌లోకి తీసుకురండి, లేకపోతే చిన్న చిప్ విండోస్‌కి కనబడకుండా దాని డ్రైవర్ ఎక్కకుండానే మిగిలిపోతుంది. 2011 ప్రాంతపు ఇంటెల్, ఏఎండీ రేడియాన్ జంట ఉన్న కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో అయితే బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్) ఫిక్స్‌డ్, డైనమిక్ అని రెండు మోడ్‌లు ఇచ్చారు. మీది ఏ మోడ్‌లో ఉందో రాసి పెట్టుకోండి. ఎన్‌విడియా ఉన్నవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజ్ఎక్స్ పేజీ తెరిస్తే ఏ పోర్టు ఏ చిప్‌కి కలిసి ఉందో బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు పెద్ద చిప్‌కి కలిసి ఉంటే మంచిదే, రేపు ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడినా టీవీకి కలిపి చూడొచ్చు.

అసలు మీకు మోడ్ డ్రైవర్ అవసరమా అన్నది తర్వాతి ప్రశ్న. గేమ్ పెద్ద చిప్ మీద నడవడం లేదన్నదే సమస్య అయితే విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, గ్రాఫిక్స్ పేజీకి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. ఇంటెల్ డ్రైవర్ "ఈ కంప్యూటర్‌కి ధ్రువీకరించలేదు" అని ఆపేసే బాధ కూడా 2020 నుంచి కొత్త తరం చిప్‌లకి తగ్గింది, ఇంటెల్ సొంత డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ డ్రైవర్ మీద నేరుగా వేసుకోనిస్తోంది. 940ఎంఎక్స్, జీటీఎక్స్ 1050 లాంటి మాక్స్‌వెల్, పాస్కల్ తరాల ఎన్‌విడియా చిప్‌లు ఉన్నవాళ్లు కంగారుపడక్కర్లేదు. 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేమ్‌ల కోసం ఇచ్చేవి) ఆపేసినా సెక్యూరిటీ అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్‌విడియా చెప్పింది. నిజంగా ఇరుక్కున్నది వాటికి ముందు తరమైన కెప్లర్ ల్యాప్‌టాప్ చిప్‌లు, పాత రేడియాన్‌లు ఉన్నవాళ్లు. కెప్లర్ ల్యాప్‌టాప్‌లకి గేమ్ రెడీ డ్రైవర్లు 2019లో ఆగాయి, హెచ్‌డీ 7000 సిరీస్ రేడియాన్‌లని ఏఎండీ 2021 జూన్‌లో పక్కన పెట్టేసింది.

ఇక ఫైల్ సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

మోడ్ డ్రైవర్‌లలో రెండు రకాలు. మొదటి రకంలో మార్చేది ఐఎన్ఎఫ్ ఫైల్ ఒక్కటే. అది మామూలు టెక్స్ట్ ఫైల్, ఏ హార్డ్‌వేర్ నంబర్‌కి ఏ సెట్టింగ్‌లు వేయాలో అందులో ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ నంబర్ అందులో లేదు కాబట్టి డ్రైవర్ ఒప్పుకోవడం లేదు, ఆ నంబర్ చేర్చితే ఒప్పుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే ఆ నంబర్ దొరుకుతుంది. కంపెనీని చూపే వెండర్ కోడ్ 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్‌విడియా, 1002 అయితే ఏఎండీ. నంబర్‌లోని సబ్‌సిస్ భాగం మీ ల్యాప్‌టాప్ మోడల్‌కి సొంతం, అందుకే ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో అదే చిప్ ఉన్నా వాళ్ల ఐఎన్ఎఫ్ మీకు పనిచేస్తుందని నమ్మకం లేదు. లైన్ చేర్చేటప్పుడు అదే తరం చిప్ సెక్షన్‌ని చూసి కాపీ చేయండి, పేరు దగ్గరగా ఉందని వేరే తరం సెక్షన్‌కి కలపొద్దు. 840ఎం మాక్స్‌వెల్, 740ఎం కెప్లర్, పేర్లు పక్కపక్కనే ఉన్నా లోపల వేరు. అసలు డ్రైవర్‌లోంచి ఆ తరం సపోర్టే తీసేసి ఉంటే ఐఎన్ఎఫ్‌లో ఏం రాసినా లాభం లేదు, ఎక్కినట్టే ఎక్కి చిప్ పనిచేయడం లేదని కోడ్ 43 చూపిస్తుంది.

రెండో రకంలో అసలు డ్రైవర్ ప్రోగ్రామ్‌నే, అంటే సిస్ ఫైల్‌నే మార్చేస్తారు. దీనికి నేను దూరంగా ఉండమనే చెబుతాను. డ్రైవర్ నడిచేది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ స్థాయిలో, అక్కడ దూరిన ప్రోగ్రామ్‌కి మీ పాస్‌వర్డ్‌లు, మీ బ్యాంకు పేజీ, మీ కెమెరా ఏవీ అడ్డం కావు. యాంటీవైరస్ ఆపేసి వేయమని చెప్పే ప్యాకేజీ అయితే అక్కడితో ట్యాబ్ మూసేయండి. ఫైల్‌కి కంపెనీ డిజిటల్ సంతకం ఉంది కదా అన్న ధీమా కూడా వద్దు. 2022లో ఎన్‌విడియా నుంచి దొంగిలించిన కోడ్ సైనింగ్ సర్టిఫికెట్లు, అంటే ఆ సంతకం పెట్టడానికి వాడేవి, బయటపడ్డాయి, గడువు తీరిన ఆ సర్టిఫికెట్లతోనే మాల్వేర్‌కి సంతకాలు పెట్టి వదిలారు.

అందుకే నా సలహా ఒకటే. మూల డ్రైవర్‌ని ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ సొంత సైట్ నుంచే దించుకుని, ఐఎన్ఎఫ్ మార్పు మీరే చేతితో చేసుకోండి. నోట్‌ప్యాడ్‌తో అయ్యే పని ఇది. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన జిప్ ఫైల్ కంటే మీరు టైప్ చేసిన రెండు మూడు లైన్లే మీకు భద్రం, తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో మీకు తెలుస్తుంది.

ఐఎన్ఎఫ్ ముట్టుకోగానే ప్యాకేజీ డిజిటల్ సంతకం చెడిపోతుంది, విండోస్ ఒప్పుకోదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, రీస్టార్ట్ నొక్కాక వచ్చే జాబితాలో 7 నొక్కితే ఆ ఒక్క బూట్‌కి సంతకం తనిఖీ ఆగుతుంది. ఐఎన్ఎఫ్ మాత్రమే మారి, సిస్ ఫైల్‌కి కంపెనీ సంతకం అలాగే ఉంటే సాధారణంగా ఈ ఒక్కసారి సరిపోతుంది. విండోస్‌ని ఎప్పటికీ టెస్ట్ మోడ్‌లోనే (కంపెనీ సంతకం లేని డ్రైవర్‌లనీ ఒప్పుకునే మోడ్) ఉంచాలి, బూట్ అయ్యేటప్పుడు సంతకాలు చూసే సెక్యూర్ బూట్ శాశ్వతంగా తీసేయాలి అని ఎవరైనా చెబితే ఆ డ్రైవర్‌లో సిస్ ఫైల్ మారిందని అనుమానించండి. టెస్ట్ మోడ్ పెట్టి, సెక్యూర్ బూట్ తీసేస్తే కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లు కూడా తెరుచుకోవు, వాలరెంట్ అందులో ఒకటి. గేమ్ కోసం డ్రైవర్ మార్చి గేమే పోగొట్టుకోవడం అవుతుంది.

ఆ స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లే ముందు బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్), చూసుకోవాలి, ఇది చాలా ముఖ్యం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది, అది ఉందన్న సంగతే మనకి తెలియదు. రికవరీ మెనూలోకి వెళ్లినా, సెక్యూర్ బూట్ మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ఆ కీ లేకపోతే డ్రైవర్ సంగతి అటుంచి ఫోటోలు, ప్రాజెక్టులు అన్నీ పోతాయి. కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో చూసి కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో నోట్స్‌లో పెట్టుకుంటే ఉపయోగం లేదు. మీ విండోస్ పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకోండి, రోజూ పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లకి సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్‌లతో విండోస్ తెరుచుకునే మోడ్) ఆ పిన్ పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్క్‌లోకి. తర్వాత ఇప్పుడున్న డ్రైవర్‌లన్నీ విండోస్‌లోనే ఉన్న పీఎన్‌పీ యుటిల్ (pnputil) కమాండ్‌తో ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, అది కూడా పెన్‌డ్రైవ్‌లోకి. పాత ల్యాప్‌టాప్‌లకి ఇది మరీ అవసరం, ఎందుకంటే కంపెనీ సైట్‌లో ఇవాళ ఉన్న పాత ప్యాకేజీ రేపు ఉంటుందన్న హామీ లేదు. ఇంటెల్, రేడియాన్ జంట ఉన్న పాత ల్యాప్‌టాప్‌లకి కంపెనీ రెండు డ్రైవర్లూ కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చేది, అది పోతే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. సిస్టమ్ ప్రొటెక్షన్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసి, అవసరమైతే వెనక్కి వెళ్లడానికి రీస్టోర్ పాయింట్ పెట్టండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ చేసుకుని, దాన్నుంచి ల్యాప్‌టాప్ బూట్ అవుతోందో లేదో ముందే ఒకసారి చూడండి. బీటెక్ ప్రాజెక్ట్ రివ్యూ, ఇంటర్వ్యూ, ఆఫీసు డెడ్‌లైన్ ఉన్న వారంలో ఈ పని అసలు పెట్టుకోవద్దు, టెన్షన్‌లో చేసే పని కాదిది.

వేసే రోజు ఛార్జర్ పెట్టి, వైఫై ఆపేయండి. వైఫై ఎందుకంటే, పాత డ్రైవర్ తీసేసిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకి తోచిన డ్రైవర్‌ని మధ్యలో తెచ్చి ఎక్కిస్తుంది, మీరు వేసేది దాని మీద పడి గందరగోళం అవుతుంది. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌ని సేఫ్ మోడ్‌లో నడిపి ముందు పెద్ద చిప్‌ది, తర్వాత అవసరమైతేనే చిన్న చిప్‌ది తీయండి. తీశాక స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవిగా, మసగ్గా కనబడతాయి, భయపడొద్దు. వేసేటప్పుడు వరస తిరగబడుతుంది, ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డ్) డ్రైవర్, తర్వాత ఇంటెల్, రీస్టార్ట్, ఆ తర్వాతే ఎన్‌విడియా లేదా ఏఎండీ. మధ్యలో స్క్రీన్ కొన్ని క్షణాలు నల్లబడి తిరిగి వస్తుంది, పవర్ బటన్ మీద చెయ్యి వేయకుండా ఆగండి.

పది నిమిషాలైనా స్క్రీన్ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కి చూడండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. కాకపోతే టీవీకి కలపండి. అదీ కాకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి విండోస్ లోడ్ అవుతుండగానే ఆపేయడం రెండు మూడుసార్లు చేస్తే రికవరీ మెనూ దానంతట అదే వస్తుంది, అక్కడ్నుంచి సేఫ్ మోడ్ గానీ రీస్టోర్ పాయింట్ గానీ. బిట్‌లాకర్ కీ కాగితం అవసరం పడేది ఇక్కడే.

వీడియో బయాస్ (గ్రాఫిక్స్ చిప్ సొంత బయాస్) ఫ్లాష్ చేయమని, అంటే చెరిపి కొత్తది రాయమని కూడా కొందరు చెబుతారు, అది మాత్రం ముట్టుకోవద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మదర్‌బోర్డ్ బయాస్‌లోనే కలిసి ఉంటుంది, తప్పు ఫైల్ ఎక్కితే సేఫ్ మోడ్ కూడా కాపాడదు, చిప్‌కి బయటి నుంచి ప్రోగ్రామర్ తగిలించి రాయించుకోవాలి.

పాత రేడియాన్ ఉన్నవాళ్లు ఇంకో దారి కూడా ఆలోచించండి. లినక్స్ కెర్నల్‌లోనే ఆ చిప్‌లకి ఓపెన్ డ్రైవర్ ఉంది, ఏమీ మార్చకుండానే రెండు చిప్‌లూ గుర్తుపడుతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే ఖర్చేం లేదు. ఎన్‌విడియా ఆప్టిమస్‌కి లినక్స్‌లో చాలాకాలం కష్టాలే, 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో ఆప్టిమస్ సపోర్ట్ గురించి అడిగినప్పుడే లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాని కెమెరా ముందే తిట్టాడు. ఇప్పుడు పరిస్థితి బాగుంది కానీ డ్రైవర్‌ని సైట్ నుంచి దించి వేయకుండా మీ లినక్స్ డిస్ట్రిబ్యూషన్ సొంత ప్రోగ్రామ్‌ల నిల్వ (రిపాజిటరీ) నుంచే వేసుకోండి, ముందు టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌తో సిస్టమ్ బ్యాకప్ (స్నాప్‌షాట్) తీయండి.

డ్రైవర్ ఎక్కి గేమ్ తెరుచుకోగానే పని అయిపోలేదు. మూత మూసి స్లీప్‌లోకి పంపి మళ్లీ తెరవండి, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయో చూడండి, హెచ్‌డీఎంఐ పెట్టి చూడండి. ఛార్జర్ తీసి ఊరికే డెస్క్‌టాప్ మీద వదిలి కింద చెయ్యి పెట్టి చూడండి. వేడెక్కుతుంటే, బ్యాటరీ ఇదివరకటి కంటే త్వరగా దిగుతుంటే, పెద్ద చిప్ నిద్రపోవడం లేదని అర్థం. ఆ డ్రైవర్ గేమ్‌ని ఎంత బాగా నడిపినా తీసేసి పాతది వేసుకోండి, ఎప్పుడూ వేడిగా ఉండే చిప్ పాత ల్యాప్‌టాప్ ప్రాణం తోడేస్తుంది. అంతా బాగుంటే, వైఫై తిరిగి ఆన్ చేసే ముందే విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌లు తేకుండా సెట్టింగ్ మార్చండి, ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీలో ఆ ఆప్షన్ ఉంది, హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌లో నో పెట్టండి. హోమ్‌లో ఇది ప్రతిసారీ నిలబడదు, అందుకే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ ఒకసారి చూసుకోండి, మీరు మార్చిన ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌ని పాత బ్యాకప్ పక్కనే దాచుకోండి.