సబ్‌స్టేషన్ పక్కన ఇల్లా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఊరు పెరిగేకొద్దీ సబ్‌స్టేషన్ గోడలకి ఆనుకుని ఇళ్లు లేచిపోతున్నాయి. అద్దె కాస్త తక్కువే చెప్తారు, కానీ ఇంట్లోవాళ్లకి ఒకటే టెన్షన్, రేడియేషన్ వస్తుందేమోనని. నన్నడిగితే దాని సంగతి చివర్లో చూద్దాం.

ముందు, పక్కనే ఉంది కాబట్టి కరెంటు పోదనుకోకండి. ఊళ్లో ఎక్కువగా కనిపించే సబ్‌స్టేషన్ 33 వేల వోల్టుల్ని 11 వేలకి దించి ఫీడర్లు అనే వేర్వేరు లైన్లుగా పంచుతుంది, ఆ 11 వేలు మళ్లీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తగ్గి మన ఇంటికి 230గా వస్తాయి. ఒక ఫీడర్ మీద కొబ్బరి మట్ట పడితే బ్రేకర్ దాన్నొక్కదాన్నే ఆపేస్తుంది, అందుకే ఎదుటి వీధిలో లైట్లు వెలుగుతున్నా మనకి చీకటి. ఇల్లు ఏ ఫీడర్ మీద ఉందో లైన్‌మన్‌ని అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలే కూలిపోయాయి, ఇక సబ్‌స్టేషన్ పక్కనుండి ఏం లాభం?

ఇల్లు చూడ్డానికి పగలు వెళ్తే సరిపోదు. రాత్రి పదకొండు దాటాక వెళ్లి, పడగ్గదిలో ఫ్యాన్ ఆపి నిలబడండి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే శబ్దం 100 హెర్ట్జ్‌ది, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, లోపలి ఇనుప కోర్ దానికి రెట్టింపు వేగంతో అదురుతుంది. ఇంత మందంగా మోగే శబ్దాన్ని కిటికీ మూసినా పూర్తిగా ఆపలేం. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దానికి పరిమితి 45 డెసిబెల్స్. మంచు పడే వేళ చిటపటలు వినిపిస్తే అది ఇన్సులేటర్ల మీద పేరుకున్న దుమ్ము, మన సముద్రగాలి తెచ్చే ఉప్పు చేసే పని.

తర్వాత డాబా ఎక్కండి. 11 వేల లైను ఇంటికి పక్కగా కనీసం 1.2 మీటర్లు, 33 వేలదైతే 2 మీటర్లు, రెండూ నెత్తి మీద నుంచి పోతే 3.7 మీటర్ల దూరం ఉండాలి. టేపు, కర్ర పట్టుకుని కొలవొద్దు, కంటితోనే అంచనా వేయండి. అనుమానం వస్తే కరెంటు శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో అడగండి.

ఇక నూనె. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల లీటర్ల మినరల్ ఆయిల్ ఉంటుంది. గేటు బయట నుంచే కింద పరిచిన కంకర చూడండి, నల్లగా జిడ్డు మరకలుంటే కారుతున్నట్టే, వానకి ఆ నీళ్లు ఏ కాలువలో కలుస్తాయో, దగ్గర్లో బావి ఉందో లేదో కనుక్కోండి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే చిన్న గాజు సీసాలో నీలం గుళికలు గులాబీ రంగుకి మారిపోయి ఉంటే చెమ్మతో నిండిపోయాయని, మార్చేవాళ్లు పట్టించుకోవట్లేదని అర్థం.

రేడియేషన్ అంటారా, ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, కరెంటు పారే తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం. అది దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గిపోతుంది, ప్రజలకి అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి 200 మైక్రోటెస్లా (ఆ క్షేత్రాన్ని కొలిచే యూనిట్). 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి జాబితాలో పెట్టిన మాట నిజమే, ఆధారాలు పరిమితంగానే ఉన్నాయనీ అదే చెప్పింది. పిల్లల మంచం గోడకి దూరంగా జరిపితే చాలు. పర్యావరణానికి అసలు దెబ్బ 132 వేలు, ఆపై వోల్టుల బ్రేకర్లలో వాడే ఎస్ఎఫ్6 వాయువుతో, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై వేల రెట్లకి పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఊళ్లోని 33 వేల సబ్‌స్టేషన్లలో ఎక్కువగా ఆ వాయువు అక్కర్లేని వాక్యూమ్ బ్రేకర్లే.

దిగాక నూనె కారడం, తీగలు వేలాడటం కనిపిస్తే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, ఫొటో తీయడానికి మాత్రం గోడ ఎక్కొద్దు.